అతి నెలతక్కువ శిశువులు: ఆసుపత్రిలో పెరుగుదల, పోషణల అంచనా

గర్భంలో 32 వారాలు నిండకముందే పుట్టిన శిశువులను వైద్యులు అతి నెలతక్కువ శిశువులుగా లెక్కిస్తారు. వీరిలో చాలామంది పుట్టినప్పుడు రెండు కిలోలు తూగరు. కొందరు కిలో కూడా ఉండరు. తల్లి కడుపులో మావి ద్వారా అందవలసిన చివరి రెండు మూడు నెలల పోషణ వీరికి ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగంలో మొదట సిర ద్వారా, తరువాత గొట్టం ద్వారా, ఆ పైన ఉగ్గుగిన్నెతోనూ తల్లి రొమ్ము నుంచీ అందుతుంది. ఇచ్చినది సరిపోతోందా, అది కండగా, ఎముకగా, మెదడుగా మారుతోందా, లేక ఒంట్లో నీరుగా, కొవ్వుగా పేరుకుంటోందా అని తేల్చుకునే పద్ధతులన్నిటినీ కలిపి పెరుగుదల, పోషణల అంచనా అంటారు. దీనికి ఆధారాలు నాలుగు: శరీర కొలతలు, వాటిని పోల్చి చూసే గ్రోత్ చార్టు, ఇచ్చిన ఆహారం లెక్క, కొన్ని రక్త పరీక్షలు. వార్డులో రోజూ అందరి కళ్లూ బరువు తూచే యంత్రం మీదే ఉంటాయి. అయితే అది చూపే అంకె అర్థం కావాలంటే మిగిలిన మూడూ పక్కన ఉండాలి.

వర్గీకరణ

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 37 వారాలు నిండకుండా పుట్టినవారంతా నెలతక్కువ శిశువులే. 32 వారాల లోపు పుట్టినవారు అతి నెలతక్కువ, 28 వారాల లోపు పుట్టినవారు అత్యంత నెలతక్కువ శిశువులు. బరువును బట్టి మరో వర్గీకరణ ఉంది: 2,500 గ్రాముల లోపు తక్కువ బరువు, 1,500 లోపు అతి తక్కువ బరువు, 1,000 లోపు అత్యంత తక్కువ బరువు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. వీరిలో 30 లక్షలకు పైగా భారతదేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

వయసు, బరువు వేర్వేరు సంగతులు. 29 వారాలకు 1,200 గ్రాములతో పుట్టిన బిడ్డ తన వయసుకు తగ్గ బరువే ఉన్నట్టు. 34 వారాలకు 1,400 గ్రాములతో పుట్టిన బిడ్డ అంతకంటే బరువైనా, కడుపులోనే ఎదుగుదల కుంటుపడిన బిడ్డ. భారతదేశంలో ఈ రెండు ఇబ్బందులూ ఒకే శిశువులో కలిసి రావడం తరచుగా కనిపిస్తుంది. అందుకే అంచనాలో తొలి మెట్టు గర్భవయసును సరిగా తేల్చడం. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ దీనికి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం. అది లేనప్పుడు చివరి నెలసరి తేదీని, శిశువు చర్మం, కీళ్ల బిగువు వంటి లక్షణాలకు మార్కులు వేసే న్యూ బాలర్డ్ స్కోరును వాడతారు. 1991లో వచ్చిన ఈ స్కోరులో రెండు వారాల వరకు అటూ ఇటూ తేడా రావచ్చు. ఆ తేడా చిన్నది కాదు. వెయ్యి గ్రాముల బిడ్డ 28 వారాలదైతే చార్టులో మధ్యగీతకు దగ్గరగా ఉంటుంది. 30 వారాలదైతే పదో పర్సెంటైల్ దరిదాపులకు దిగిపోతుంది.

పుట్టుకతో ఆగిపోయే సరఫరా

గర్భంలో 24 వారాల పిండం సుమారు 650 గ్రాములుంటుంది. 32 వారాలకల్లా దాదాపు మూడు రెట్లవుతుంది. నెలలు నిండి పుట్టాక ఏ వయసులోనూ మనిషి ఇంత వేగంగా పెరగడు. 24 వారాలప్పుడు శరీరంలో ఎనభై శాతానికి పైగా నీరే, కొవ్వు నామమాత్రం. నెలలు నిండేనాటికి కొవ్వు 12–15 శాతానికి చేరుతుంది. నెలలు నిండిన బిడ్డ ఎముకల్లోని కాల్షియం, ఫాస్ఫరస్‌లలో సుమారు ఎనభై శాతం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఇనుము నిల్వల్లో అధిక భాగం కూడా అప్పుడే కాలేయానికి అందుతుంది.

నెలతక్కువ శిశువు ఈ నిల్వలేవీ లేకుండానే పుడుతుంది. వెయ్యి గ్రాముల శిశువుకు ఏమీ ఇవ్వకపోతే ఒంట్లోని శక్తి నాలుగైదు రోజులకు మించి సరిపోదని పాత అంచనా. గ్లూకోజు మాత్రమే ఇచ్చి మాంసకృత్తులు ఇవ్వకపోతే, శరీరం తన కండనే కరిగించుకుని రోజుకు కిలోకు గ్రాము, అంతకు పైగా మాంసకృత్తులు కోల్పోతుంది. మరోవైపు పేగులు ఇంకా పాలకు సిద్ధంగా ఉండవు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒక లయలోకి వచ్చేది 32–34 వారాలప్పుడే. అవసరం అత్యధికంగా, అందుకునే శక్తి అత్యల్పంగా ఉండే వయసిది. అంచనా అంతా ఈ రెంటి మధ్యనే నడుస్తుంది.

చరిత్ర

నెలతక్కువ పిల్లలను క్రమం తప్పకుండా తూచి, ఆ అంకెను బట్టి పాలు పెంచే అలవాటు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో స్థిరపడింది. స్తెఫాన్ తార్నియే 1880ల ఆరంభంలో అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ప్రవేశపెట్టాడు; గొట్టం ద్వారా పాలు పట్టడాన్ని కూడా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన శిష్యుడు పియర్ బుదాఁ 1892లో పసిపిల్లల సలహా కేంద్రం తెరిచి, తల్లిపాలను, తరచుగా తూచడాన్ని సంరక్షణకు మూలస్తంభాలుగా నిలిపాడు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వైద్యం కొంతకాలం వెనకడుగు వేసింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయంతో నెలతక్కువ పిల్లలకు మొదటి రెండు మూడు రోజులు ఏమీ పట్టకుండా ఉంచేవారు. రక్తంలో చక్కెర పడిపోవడం, కామెర్లు ముదరడం, నరాల లోపాలు మిగలడం గమనించాక ఆ పద్ధతిని వదులుకున్నారు. 1960ల చివర అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్, డగ్లస్ విల్మోర్ ఒక పసికందుకు పూర్తిగా సిర ద్వారానే పోషణ ఇచ్చి పెంచవచ్చని చూపారు. టీపీఎన్ అని వార్డుల్లో పిలిచే ఈ విధానంతో పేగులు సిద్ధమయ్యేదాకా వేచి ఉండే వీలు కలిగింది.

పోషణకూ మెదడుకూ ఉన్న ముడిని స్పష్టం చేసినవి బ్రిటన్‌లో 1980లలో అలన్ లూకస్ బృందం మొదలుపెట్టిన ప్రయోగాలు. నెలతక్కువ పిల్లల కోసం పోషకాలు పెంచిన డబ్బా పాలను కొందరికి, మామూలు డబ్బా పాలను మరికొందరికి కొన్ని వారాల పాటే ఇచ్చారు. ఏడెనిమిదేళ్ల వయసులో పరీక్షించినప్పుడు, మామూలు పాలు తాగినవారిలో, ముఖ్యంగా మగపిల్లల్లో, తెలివితేటల స్కోరు తక్కువగా ఉందని 1998లో ప్రకటించారు. 2001లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ నుంచి నికొలస్ ఎంబుల్టన్ బృందం మరో లెక్క ముందుపెట్టింది. తొలి వారాల్లో సిఫారసుకూ నిజంగా అందినదానికీ మధ్య శక్తిలో, మాంసకృత్తుల్లో పేరుకునే లోటును రోజురోజుకూ కూడి, ఎదుగుదల వెనకబాటులో దాదాపు సగానికి ఆ అప్పే కారణమని చూపింది.

కొలతలు

బరువు: అన్నిటికంటే తేలికైన కొలత ఇదే, తప్పుదారి పట్టించేదీ ఇదే. అయిదు, పది గ్రాముల తేడానైనా పట్టుకునే డిజిటల్ తూకంపై బట్టలు, డైపరు లేకుండా, రోజూ ఒకే సమయానికి, వీలైతే ఒకే యంత్రం మీద తూచాలి. చేతికి కట్టిన పలక, సూది, గొట్టాల బరువు తీసివేయాలి. కదిలిస్తే నిలవలేని శిశువుల కోసం ఇంక్యుబేటర్‌లోనే తూచే పరికరాలున్నాయి.

పుట్టిన మొదటి వారంలో బరువు తగ్గడం సహజం. కణాల వెలుపలి నీరు మూత్రం ద్వారా పోవడంతో ఏడు నుంచి పది శాతం వరకు తగ్గి, పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య శిశువు పుట్టినప్పటి బరువును అందుకుంటుంది. అసలు తగ్గకపోతే నీరు ఎక్కువ ఎక్కుతోందని, మరీ తగ్గితే చర్మం గుండా నీరు పోతోందని అనుమానించాలి. రక్తంలో సోడియం చూస్తే విషయం తేలుతుంది. ఆ తరువాత కూడా ఒక్కరోజు తూకాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదు. రక్తం ఎక్కించడం, ఒంటి వాపు, మూత్రం పెంచే మందు, తూచేముందు పట్టిన పాలు, చివరికి మలవిసర్జన జరిగిన వేళ కూడా ముప్పై నలభై గ్రాములు అటూ ఇటూ చేయగలవు. అయిదు నుంచి ఏడు రోజుల ధోరణే లెక్కకు వస్తుంది.

పొడవు: ఒంట్లో నీరు పట్టినా పొడవు పెరగదు. అందుకే అస్థిపంజరం, కండ ఎలా పెరుగుతున్నాయో చెప్పే నమ్మకమైన సాక్షి ఇది. వారానికి ఒకసారి కొలవాలి. పక్క మీద పడుకోబెట్టి టేపుతో కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వచ్చేస్తుంది. ఒక వారం పెరుగుదలంతా ఆ తప్పులో కలిసిపోతుంది. తలవైపు కదలని పలక, కాళ్లవైపు జరిగే పలక ఉన్న కొలబల్ల కావాలి. ఒకరు తలను నిలిపి పట్టుకుంటే, మరొకరు మోకాళ్లు మెల్లగా చాపి, పాదాలకు పలక ఆనించి 0.1 సెంటీమీటరు వరకు చదవాలి. ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాలు కావాలి కాబట్టి రద్దీగా ఉండే వార్డుల్లో తరచుగా వదిలేసే కొలత ఇదే. ఆశించే పెరుగుదల వారానికి సుమారు ఒక సెంటీమీటరు.

తల చుట్టుకొలత: మెదడు పరిమాణానికి ఇది దగ్గరి సూచిక. సాగని టేపును కనుబొమల పైనుంచి తల వెనుక ఎత్తైన చోటు మీదుగా చుట్టి, వచ్చిన కొలతల్లో పెద్దది నమోదు చేస్తారు. మొదటి వారంలో నీరు తగ్గడం వల్ల కొద్దిగా కుదించుకుపోవచ్చు. తరువాత వారానికి సుమారు 0.9–1 సెంటీమీటరు పెరగాలి. ఇక్కడ ఎక్కువ పెరిగినా సంతోషించడానికి లేదు. మెదడులో రక్తస్రావం జరిగిన శిశువులో తల వేగంగా పెరుగుతుంటే నీరు చేరుతోందేమోనని తల స్కానింగ్ చేస్తారు.

గ్రోత్ చార్టులు

కొలతకు అర్థం పోలికలో ఉంది. ఎవరితో పోల్చాలన్నదే ఈ రంగంలో పాత ప్రశ్న. అమెరికాలోని డెన్వర్‌లో లూలా లుబ్‌చెంకో 1963లో 24 నుంచి 42 వారాల మధ్య ప్రాణాలతో పుట్టిన శిశువుల బరువులను వయసుల వారీగా పేర్చి గీసిన చార్టు చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. ఈనాడు ఎక్కువగా వాడేవి రెండు.

ఫెంటన్ చార్టును కెనడాలోని కాల్గరీకి చెందిన తానిస్ ఫెంటన్ రూపొందించింది. 2003లో తొలి రూపం, 2013లో జే కిమ్‌తో కలిసి రెండో రూపం, 2025లో మూడో రూపం వచ్చాయి. రెండో రూపానికి జర్మనీ, అమెరికా, ఇటలీ, ఆస్ట్రేలియా, స్కాట్లండ్, కెనడాలలోని సుమారు 40 లక్షల జననాల సమాచారం ఆధారం. మగ, ఆడ శిశువులకు వేర్వేరుగా, 22 నుంచి 50 వారాల వరకు సాగి, చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలతో కలుస్తుంది. దీనిలోని చాలా అంకెలు ఆయా వారాల్లో పుట్టిన శిశువుల పుట్టుక కొలతలు. అంటే, పుట్టాక ఇంక్యుబేటర్‌లో పెరుగుతున్న బిడ్డను అదే వయసుకు అప్పుడే పుట్టిన బిడ్డతో పోలుస్తున్నాం.

ఇంటర్‌గ్రోత్-21 మరో దారి పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన హోసే వియ్యార్, స్టీఫెన్ కెనడీ నాయకత్వంలో బ్రెజిల్, ఇటలీ, ఒమాన్, బ్రిటన్, అమెరికా, చైనా, కెన్యా, భారతదేశాల్లోని ఎనిమిది చోట్ల ఆరోగ్యవంతులైన గర్భిణులను తొలినెలల నుంచే అనుసరించారు. మన దేశం నుంచి అందులో ఉన్నది నాగపూర్. వారికి నెలలు నిండకుండా పుట్టిన 201 మంది శిశువులను పుట్టాక కూడా కొలుస్తూ వచ్చి, 2015లో పెరుగుదల ప్రమాణాలు ప్రకటించారు. ఇది శిశువులు నిజంగా ఎలా పెరిగారో చూపే చార్టు. లోపమల్లా, ఎంచుకున్నది ఆరోగ్యవంతమైన గర్భాలనే కాబట్టి 33 వారాల లోపు పుట్టినవారు అందులో చాలా తక్కువమంది. ఎవరికోసం చార్టు ఎక్కువగా కావాలో వారి సంఖ్యే అందులో పలుచన.

చార్టు మీద స్థానాన్ని పర్సెంటైల్‌గా గాని, జడ్-స్కోరుగా గాని చెబుతారు. నూరుమంది శిశువులను వరుసగా నిలబెడితే ఎన్నో స్థానమో చెప్పేది పర్సెంటైల్. మధ్యగీత నుంచి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరమో చెప్పేది జడ్-స్కోరు. మూడో పర్సెంటైల్‌కు దిగువన ఉన్న శిశువులందరూ ఒకేలా కనిపిస్తారు. జడ్-స్కోరులో వారి మధ్య తేడా కూడా తెలుస్తుంది. పుట్టినప్పటి జడ్-స్కోరు నుంచి ఇప్పటిది తీసివేస్తే ఆసుపత్రిలో బిడ్డ ఎంత వెనకబడిందో ఒక్క అంకెలో వస్తుంది.

పెరుగుదల వేగం

గర్భంలో పిండం రోజుకు కిలో బరువుకు 15–20 గ్రాములు పెరుగుతుంది. ఆసుపత్రుల్లో లక్ష్యంగా పెట్టుకునేదీ దాదాపు అదే. నెలలు నిండే వయసు దగ్గరపడేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది. రెండు కిలోలు దాటాక రోజుకు 25–35 గ్రాములని చూడడం సులభం.

వేగాన్ని లెక్కగట్టే పద్ధతిని బట్టి ఫలితం మారిపోతుంది. వెయ్యి గ్రాముల శిశువు 42 రోజుల్లో 1,800 గ్రాములకు చేరిందనుకుందాం. పెరిగిన 800 గ్రాములను రోజులతో భాగించి, మొదటి బరువుతో చూస్తే కిలోకు రోజుకు 19 గ్రాములు వస్తుంది. మొదటి, చివరి బరువుల సగటైన 1,400తో చూస్తే 13.6 గ్రాములు. షికాగోకు చెందిన అలోకా పటేల్ బృందం 2005లో ప్రతిపాదించిన ఘాతాంక పద్ధతిలో, అంటే చివరి బరువును మొదటి బరువుతో భాగించి, సహజ సంవర్గమానం తీసి, వెయ్యితో హెచ్చవేసి, రోజులతో భాగిస్తే, 14 గ్రాములు వస్తుంది. బిడ్డ ఒక్కటే. ఒక లెక్కలో లక్ష్యాన్ని అందుకుంది, మిగతా రెండింటిలో అందుకోలేదు. అందుచేత ఒక ఆసుపత్రి అంకెను మరో ఆసుపత్రి అంకెతో పోల్చేముందు ఏ పద్ధతి వాడారో అడగడం తప్పనిసరి.

ఈ వేగానికీ భవిష్యత్తుకూ ఉన్న సంబంధాన్ని రిచర్డ్ ఎహ్రెన్‌క్రాంజ్ బృందం 2006లో అమెరికాలో 501–1,000 గ్రాముల మధ్య పుట్టిన శిశువుల్లో పరిశీలించింది. పెరుగుదలను బట్టి నాలుగు భాగాలు చేస్తే, అట్టడుగు భాగంలో సగటు రోజుకు కిలోకు 12 గ్రాములు, పైభాగంలో 21.2 గ్రాములు. అట్టడుగు భాగంలో 21 శాతం పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ వస్తే, పైభాగంలో అది 6 శాతమే. జబ్బు ఎక్కువగా ఉన్న శిశువులు నెమ్మదిగానే పెరుగుతారు కాబట్టి, కారణమంతా పోషణేనని దీన్నిబట్టి చెప్పలేం. అయినా పెరుగుదల మందగించడాన్ని తేలిగ్గా తీసుకోకూడదన్న జాగ్రత్త ఆ తరువాత బలపడింది.

ఆహారం లెక్క

శిశువుకు రాసిన ఆహారం వేరు, నిజంగా అందినది వేరు. పాలు కక్కడం, కడుపు ఉబ్బితే పాలు ఆపడం, మందులకోసం సిర లైను కాసేపు ఖాళీ లేకపోవడం వంటివి రోజుకు కొంత చొప్పున కోత పెడతాయి. కాబట్టి ఇరవైనాలుగు గంటల్లో అందినదాన్నే కిలోకు లెక్కగట్టి రాసుకోవాలి.

ఐరోపా పిల్లల జీర్ణకోశ, కాలేయ, పోషణ వైద్యుల సంఘం 2022 సిఫారసుల ప్రకారం, పూర్తిగా పాల మీద ఉన్న అతి నెలతక్కువ శిశువుకు రోజుకు కిలోకు 115–140 కిలో కేలరీల శక్తి, 3.5–4 గ్రాముల మాంసకృత్తులు, 120–200 మిల్లీగ్రాముల కాల్షియం, 2–3 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పెరుగుదల బాగా మందగించిన సందర్భాల్లో మాంసకృత్తులను 4.5 గ్రాముల వరకు పెంచవచ్చు. సిర ద్వారా ఇచ్చేటప్పుడు అమైనో ఆమ్లాలను మొదటి రోజే మొదలుపెట్టి, కొద్దిరోజుల్లో పెంచుతారు. గ్లూకోజు, కొవ్వు ద్రవం వాటికి తోడు.

పాలు మొదట రోజుకు కిలోకు 10–20 మిల్లీలీటర్లతో, పేగుకు అలవాటు చేసేందుకు మొదలవుతాయి. తల్లి ముర్రుపాలు దొరికితే ఒక్క చుక్కా వదలరు. తరువాత రోజుకు కిలోకు 18 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా, 30 చొప్పున పెంచినా రెండేళ్లకు పెద్ద తేడా కనిపించలేదని 2019లో వెలువడిన బ్రిటన్ ప్రయోగం తేల్చింది. త్వరగా పెంచితే పేగులు కుళ్లే జబ్బు వస్తుందన్న భయం దీనితో కొంత తగ్గింది.

తల్లిపాలు అన్నిటికంటే సురక్షితమైనా, వాటితోనే లెక్క సరిపోదు. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 67 కిలో కేలరీలు ఉంటాయి. నెలతక్కువ బిడ్డ తల్లి పాలలో మొదటి రోజుల్లో మాంసకృత్తులు ఎక్కువే ఉన్నా, వారాలు గడిచేకొద్దీ 1.2 గ్రాములకు, ఇంకా దిగువకు పడిపోతాయి. కిలోకు 160 మిల్లీలీటర్లు పట్టినా అందేది 107 కిలో కేలరీలు, 1.9 గ్రాముల మాంసకృత్తులు. కావలసిన మాంసకృత్తుల్లో ఇది సగమే. వార్డులో హెచ్‌ఎంఎఫ్ అని పిలిచే పొడి లేదా ద్రవం కలిపి వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము మాంసకృత్తులు చేర్చితే అదే పరిమాణంలో 3.5 గ్రాములు దాటుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్ కూడా చేరతాయి. అందరికీ ఒకే మోతాదు కలపడం మామూలు పద్ధతి. రక్తంలో యూరియా నైట్రోజన్ చూసి మోతాదు హెచ్చుతగ్గులు చేయడం రెండోది. పాలను యంత్రంలో పరీక్షించి లోటు మేరకు కలపడం మూడోది.

రక్త పరీక్షలు

రక్తం పరీక్షకు తీసిన ప్రతి మిల్లీలీటరూ చిన్న శిశువుకు నష్టమే. కిలో బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 80–90 మిల్లీలీటర్లు. అందుకే అవసరమైనవాటినే ఎంచుకోవాలి.

మొదటి వారంలో గ్లూకోజు, సోడియం, పొటాషియం, ఫాస్ఫేటు ముఖ్యం. అమైనో ఆమ్లాలు ఎక్కువగా అందుతున్నప్పుడు కణాలు ఫాస్ఫేటును లాగేసుకుని రక్తంలో అది ప్రమాదకరంగా పడిపోవచ్చు. కడుపులోనే ఎదుగుదల తగ్గిన శిశువుల్లో ఈ ముప్పు ఎక్కువ. నెల తిరిగేసరికి దృష్టి ఎముకల మీదికి మళ్లుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లీటరుకు 900 యూనిట్లు దాటి, ఫాస్ఫేటు తక్కువగా ఉంటే ఎముకల్లో ఖనిజాలు చాలడం లేదని అర్థం. యూరియా నైట్రోజన్ డెసీలీటరుకు 9 మిల్లీగ్రాముల దిగువకు వస్తే మాంసకృత్తులు చాలడం లేదనీ, 14 దాటితే తగ్గించాలనీ పైన చెప్పిన మోతాదు హెచ్చుతగ్గుల పద్ధతిలో చూస్తారు. తొలి రెండు వారాల్లో మూత్రపిండాల పరిస్థితి యూరియాను మార్చేస్తుంది కాబట్టి అప్పుడు ఈ కొలమానం పనికిరాదు. రక్తంలో ఆల్బుమిన్ కూడా ఇన్‌ఫెక్షన్‌తో పడిపోతుంది; పోషణకు మంచి సూచిక కాదు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ ఇనుము సంగతి చెబుతాయి.

తరచుగా మరిచేది సోడియం. నెలతక్కువ మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచలేవు. తల్లిపాలలో ఉప్పు తక్కువ. కేలరీలు, మాంసకృత్తులు సరిగా అందుతున్నా బరువు కదలని శిశువుకు కొన్నిసార్లు ఉప్పు చేర్చగానే ఎదుగుదల మొదలవుతుంది.

శరీర కూర్పు

నెలలు నిండే తేదీకి చేరిన నెలతక్కువ శిశువులను, నెలలు నిండి పుట్టిన శిశువులతో పోల్చిన అధ్యయనాలు ఒక తేడాను పదేపదే చూపాయి. నెలతక్కువ శిశువుల్లో కండ భాగం తక్కువ, కొవ్వు శాతం ఎక్కువ, పొడవు తక్కువ. గాలి పీడనం ఆధారంగా శరీర ఘనపరిమాణం కొలిచే పీపాడ్ పరికరం, ఎక్స్‌రే ఆధారిత డెక్సా దీనికి వాడతారు; రెండూ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. సాధారణ వార్డులో బరువును పొడవుతో పోల్చి చూడడమే దగ్గరి దారి. బరువు గీత పైకి పోతూ పొడవు గీత చదునుగా ఉంటే కేలరీలు పెంచడం కంటే మాంసకృత్తులు చాలుతున్నాయో లేదో చూడడం మేలు.

ఎదుగుదల మందగించినప్పుడు

పోషణ లోపాన్ని స్థాయిలుగా విడగొట్టేందుకు 2018లో అమెరికా ఆహార నిపుణుల బృందం జడ్-స్కోరు పతనాన్ని ఆధారంగా తీసుకుంది. 0.8 నుంచి 1.2 వరకు పడిపోతే తేలికపాటి, 1.2 నుంచి 2 వరకు పడిపోతే మధ్యస్థ, రెండు దాటితే తీవ్రమైన లోపం. మొదటి రెండు వారాల్లో నీరు తగ్గడం సహజం కాబట్టి ఈ కొలమానాన్ని ఆ తరువాతే వాడాలి.

మందగమనం కనబడితే వరుసగా చూడవలసినవి ఉన్నాయి. కొలత నిజమేనా, లెక్కలో రాసిన పాలు నిజంగా లోపలికి వెళ్లాయా, కిలో బరువు పాతదై, పెరిగిన బిడ్డకు పాత మోతాదే పడుతోందా, హెచ్‌ఎంఎఫ్ సరిగా కలుస్తోందా. గంటల తరబడి పంపుతో నెమ్మదిగా పాలు పట్టేటప్పుడు కొవ్వు గొట్టం గోడలకు అంటుకుపోతుంది. సిరంజీని నిటారుగా ఉంచి తక్కువ సమయంలో ఇస్తే ఆ నష్టం తగ్గుతుంది. ఆ తరువాత బిడ్డ ఖర్చు వైపు చూడాలి. ఒళ్లు చల్లబడడం, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు, గుండె దగ్గరి నాళం మూసుకోకపోవడం, రక్తహీనత, ఇన్‌ఫెక్షన్ శక్తిని లాగేస్తాయి. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు ఎదుగుదలను నేరుగా అణచివేస్తాయి.

బరువు పెరగకపోవడం ఇతర అవయవాలకు కూడా హెచ్చరిక. తొలి వారాల్లో నెమ్మదిగా పెరిగిన శిశువుల్లో నెలతక్కువ పిల్లల రెటీనా జబ్బు ముప్పు ఎక్కువ. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో రూపొందిన విన్‌రాప్ విధానం వారవారపు బరువుల ఆధారంగానే కంటి ముప్పును అంచనా వేస్తుంది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

మన దేశంలో జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగాల్లో ఈ శిశువుల్లో పెద్ద భాగం పెరుగుతారు. టీపీఎన్ కలిపే సౌకర్యం పెద్ద కేంద్రాలకే పరిమితం. అందుచేత తల్లిపాలను త్వరగా మొదలుపెట్టి త్వరగా పెంచడం ఇక్కడ పోషణకు ప్రధాన మార్గమైంది. గొట్టం నుంచి రొమ్ముకు మారే దశలో ఉగ్గుగిన్నె వాడడం మన దేశపు సొంత పద్ధతి. ఆసుపత్రుల్లో దీన్ని పాలాడై అంటారు. సీసా పీకలు మరగబెట్టడం కంటే దీన్ని శుభ్రం చేయడం తేలిక.

తల్లిపాలు చాలనప్పుడు దాతల పాలు తరువాతి మెట్టు. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ పేరుతో పాల బ్యాంకు ఉంది. డబ్బా పాలతో పోలిస్తే దాతల పాలతో పేగులు కుళ్లే జబ్బు తగ్గుతుంది. అయితే పాశ్చరీకరణ చేసిన ఈ పాలలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి ఎదుగుదలను మరింత దగ్గరగా చూడాలి.

కొలంబియాలోని బొగొటాలో 1970ల చివర ఎడ్గార్ రేయ్ ప్రారంభించిన కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచడం, ఒంటి వెచ్చదనాన్ని నిలిపి ఆ శక్తిని ఎదుగుదలకు మిగులుస్తుంది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, 1,000–1,799 గ్రాముల శిశువులకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. రెటీనా జబ్బును పసిగట్టే కంటి పరీక్షల విషయంలో హైదరాబాదు, సికింద్రాబాదులలో ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేపట్టిన జంటనగరాల కార్యక్రమం మన దేశంలో తొలి ప్రయత్నాల్లో ఒకటి.

భేదాభిప్రాయాలు

ఇంటికి పంపే వేళ పదో పర్సెంటైల్‌కు దిగువన ఉన్న శిశువుకు ‘గర్భబాహ్య ఎదుగుదల లోపం’ అని పేరు పెట్టడం చాలాకాలంగా వాడుకలో ఉంది. దీనికి ఇప్పుడు అభ్యంతరాలు బలపడ్డాయి. పదో గీత ఒక గణాంక సరిహద్దు. ఏ ఆరోగ్యవంతుల గుంపులోనైనా పదిశాతం దానికి దిగువనే ఉంటారు. పుట్టినప్పుడే దిగువన ఉన్న శిశువు తన గీత వెంట చక్కగా పెరిగినా ఈ ముద్ర తప్పదు. పుట్టాక నీరు తగ్గడం వల్ల ఆరోగ్యవంతులైన నెలతక్కువ శిశువులు కూడా మొదటి మూడు వారాల్లో గర్భంలోని గీతకు కొంత కిందికి దిగి, అక్కడి నుంచి దానికి సమాంతరంగా సాగుతారని నీల్స్ రోఖో బృందం 2016లో చూపింది.

ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలన్న ఆశకు కూడా హద్దు కనబడింది. వెయ్యి గ్రాముల లోపు శిశువులకు మొదటి అయిదు రోజులు అదనపు అమైనో ఆమ్లాలు ఇచ్చిన న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ప్రయోగం 2022లో వెలువడింది. రెండేళ్ల వయసులో వైకల్యం లేకుండా బతికినవారి సంఖ్య పెరగలేదు. మితిమీరి వేగంగా బరువు పెరిగితే పెద్దయ్యాక రక్తపోటు, ఇన్సులిన్ నిరోధకత వస్తాయేమోనన్న చర్చ కూడా ఉంది. నెలలు నిండే తేదీలోపు మాత్రం మెదడు అవసరాలకే వైద్యులు మొగ్గుతున్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు

నోటితో పూర్తిగా పాలు తాగుతూ, ఊపిరి ఆగే ఘటనలు లేకుండా, వెచ్చదనం నిలుపుకుంటూ, కొన్ని రోజులు వరుసగా బరువు పెరిగాక శిశువును ఇంటికి పంపుతారు. ఆనాటి బరువు, పొడవు, తల చుట్టుకొలత, వాటి జడ్-స్కోర్లు డిశ్చార్జి కాగితంలో ఉండాలి. ఆ తరువాత వయసును పుట్టిన తేదీ నుంచి కాక, ప్రసవానికి ఇచ్చిన గడువు తేదీ నుంచి లెక్కించి, రెండేళ్ల వరకు సవరించిన వయసుతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు మీద చుక్క పెట్టాలి. రెండు నెలలు ముందుగా పుట్టి, ఇప్పుడు నాలుగు నెలలు నిండిన బిడ్డ చార్టులో రెండు నెలల బిడ్డే. ఇది తల్లిదండ్రులకు చెప్పకపోతే, పక్కింటి నాలుగు నెలల బిడ్డతో పోల్చుకుని తమ బిడ్డ ఎదగడం లేదని బెంగపడి డబ్బా పాలు మొదలుపెట్టేస్తారు. వార్డులో తొలిరోజు ఎదురైన ప్రశ్నే గడప దాటాక కూడా వెంట వస్తుంది: ఈ బిడ్డను ఎవరితో పోల్చాలి?